క్లాస్ యాక్షన్ కార్డుకు బెదరకండి, దాన్ని పారేయకండి

మీ బ్యాంకు మీద ఎవరో వేసిన క్లాస్ యాక్షన్ దావాలో, అంటే ఒకేరకం నష్టం జరిగిన చాలామంది తరఫున కొందరు వేసే దావాలో, మీరూ సభ్యులంటూ పోస్టుకార్డు వచ్చిందని, దీనివల్ల వీసాకు ముప్పు ఉంటుందా అని అడిగారు. అమెరికా వచ్చిన కొత్తలో, 2011లో, నేనూ ఇలాగే హడలిపోయాను. ఖాతాలో నాలుగు డాలర్లు తక్కువైన పాపానికి ఒకే రోజు మూడుసార్లు, 35 డాలర్ల చొప్పున, ఓవర్‌డ్రాఫ్ట్ రుసుము పిండుకున్న బ్యాంకు మీద దావా అది. కోర్టు అన్న మాట చూడగానే, నన్ను మినహాయించమని ఉత్తరం రాసి, సొంత ఖర్చుతో సర్టిఫైడ్ పోస్టులో పంపాను. అదే బ్యాంకులో ఖాతా ఉన్న నా రూమ్మేటు ఆ కవరు విప్పనైనా లేదు. ఏడాది తిరిగేసరికి అతనికి 64 డాలర్ల చెక్కు వచ్చింది. దాన్ని వారం రోజులు ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంచాడు, నేను పాలు తీసుకున్నప్పుడల్లా కనబడేలా.

నాకు అప్పుడు తెలియనిదల్లా ఒక్కటే, ఊరుకుంటే సభ్యుడిగానే ఉంటానని. ఇంగ్లండు ఈక్విటీ కోర్టుల నుంచి వచ్చిన ఈ పద్ధతిని ఫెడరల్ కోర్టులు 1938లో తమ సివిల్ దావాల నియమావళిలో 23వ నిబంధనగా రాసుకున్నాయి. నష్టపరిహారపు దావాల్లో, తప్పుకుంటామని చెప్పనివారంతా సభ్యులేనన్నది 1966 సవరణతో వచ్చింది. మీరు నిందితులు కారు, హాజరు కానక్కరలేదు, చేతినుంచి పైసా కట్టనక్కరలేదు. వకీళ్ల రుసుము సాధారణంగా సెటిల్‌మెంటు (రాజీ) సొమ్ములోంచే, అదీ న్యాయమూర్తి ఒప్పుకున్నాకే పోతుంది. బడుల్లో జాతి వివక్షను కొట్టేసిన 1954 నాటి బ్రౌన్ కేసు కూడా క్లాస్ యాక్షనే గానీ, మనబోటి వాళ్ల ఇంటికి వచ్చేవి ఎక్కువగా రుసుములు, డేటా లీకులు, లోపాలున్న సరుకుల తాలూకువి. ఒంటరిగా వెళితే వందకోసం వెయ్యి ఖర్చయ్యే తగాదాలన్నమాట.

నష్టం పెద్దదై, సొంతంగా దావా వేసే ఉద్దేశం ఉంటేనే తప్పుకోండి. చాలా వాటిలో క్లెయిమ్ ఫారం నింపితేనే డబ్బు వస్తుంది కాబట్టి గడువు తేదీని క్యాలెండరులో రాసుకోండి. నేనైతే స్ప్రెడ్‌షీటు పెట్టుకుని ఇప్పటికి పదకొండు చెక్కులు రాబట్టాను, ఈ ఓపిక మీ తరానికి ఉంటుందో లేదో మరి. ఇక ఫోను, కార్డు ఒప్పందాల మీద సంతకం చేసేముందు ఆర్బిట్రేషన్ షరతు, అంటే తగాదా వస్తే కోర్టులో కాక ప్రైవేటు మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న షరతు, చదవండి. ఫోను మీద వేసిన 30.22 డాలర్ల పన్ను గురించి మొదలైన కేసులో 2011లో సుప్రీంకోర్టు అలాంటి షరతునే నిలబెట్టింది, దానితో క్లాస్ యాక్షన్ దారే మూసుకుపోయింది. క్లెయిమ్ సొమ్ము ఇప్పిస్తామంటూ ముందుగా రుసుము అడిగేవాడు మాత్రం మోసగాడు. వాడికి ఖాతా నంబరు చెప్పకండి.