రాత్రి వచ్చిన బీపీ రీడింగును ఎవరు చూస్తారు?

తిరుపతి.

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీర్వదించి వ్రాయునది.

గర్భిణులను ఫోను ద్వారా కనిపెట్టి ఉండే పద్ధతిని మీ ఆసుపత్రిలో మొదలుపెట్టే బాధ్యత నీకు అప్పగించారనీ, బీపీ మిషన్లు ఇళ్లకు ఇచ్చి రీడింగులు వాట్సాప్‌లో తెప్పించుకోవాలనుకుంటున్నారనీ నీ ఉత్తరం చదివి తెలుసుకున్నాను. ఏ యాప్ మంచిదో చెప్పమన్నావు. దానికన్నా ముందు తేల్చుకోవలసినది ఒకటి ఉంది. రాత్రి పదకొండు గంటలకు ఒక పల్లె నుంచి రీడింగు వస్తే దాన్ని చూసేది ఎవరు, చూసినవారు ఎవరిని లేపాలి, లేచినవారు ఆమెను ఏ బండిలో ఎక్కడికి రప్పించాలి? ఈ మూడింటికీ ఎదురుగా మనుషుల పేర్లు రాసుకునేంతవరకు ఒక్క మిషన్ కూడా ఆసుపత్రి గడప దాటనివ్వకు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, ఆ తప్పు నా చేతుల మీదుగా జరగడమే. నేను పదవీ విరమణ చేయడానికి కొన్నేళ్ల ముందు తొలిచూలు అమ్మాయి ఒకామె ఎనిమిదో నెలలో నా దగ్గరికి వచ్చేది. బీపీ కొద్దిగా పెరుగుతున్నదని గమనించి, ఆమె భర్తకు నా నంబరు ఇచ్చి, ఇంట్లో చూసినప్పుడల్లా ఫోటో తీసి పంపమన్నాను. ఒక రాత్రి మిషన్ తెర ఫోటో వచ్చింది. పైన 164, కింద 112. దాని కిందనే ‘తల నొప్పంటా ఉంది మేడమ్’ అని ఒక మాట. నేను దాన్ని తెల్లవారుజామున ఐదున్నరకు చూశాను. అప్పటికే ఆమెకు ఇంట్లో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. తరువాత ఆమె భర్త వరండాలో నిలబడి, నింద ఏమీ లేని గొంతుతో, ‘మీకు పంపించినాం గదా మేడమ్, చూసుంటారులే అనుకున్నాం’ అన్నాడు. ఇంట్లో మిషనే లేకపోయి ఉంటే ఆ తలనొప్పికి భయపడి వాళ్లు 108కి ఫోను చేసి ఉండేవారేమో. ఫోటో పంపామన్న ధైర్యమే వాళ్లను పడుకోబెట్టింది. పంపిన అంకెను ఎవరూ చూడకపోవడం, అసలు అంకె తీయకపోవడం కంటే ప్రమాదమని ఆ రోజు నాకు తెలిసింది.

కాబట్టి రీడింగులు వచ్చే ఫోను నీ సొంత ఫోను కాకూడదు. అది కాన్పుల గదిలో ఉండాలి. మందుల బీరువా తాళాలు ఒక సిస్టర్ నుంచి మరొక సిస్టరుకు సంతకంతో చేతులు మారినట్టే ఆ ఫోను కూడా డ్యూటీతో పాటు చేతులు మారాలి. వచ్చిన ప్రతి రీడింగుకు అరగంటలోగా తిరిగి ఫోను చేసి మాట్లాడాలి. వాట్సాప్‌లో బొటనవేలి బొమ్మ పంపడం జవాబు కాదు. ఇంటివాళ్లకు మాత్రం, మీ జవాబుతో పని లేకుండానే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. 140/90 దాటితే కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూసి, అదే రోజు ఆసుపత్రికి రావాలి. 160/110 చేరినా, అంకె ఎంత ఉన్నా సరే తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, డొక్కల కింద పైకడుపులో నొప్పి కనిపించినా సందేశం పంపి ఎదురుచూడకుండా 108కి ఫోను చేసి బయలుదేరాలి. ఈ మాటలను కార్డు మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేయించు. నగరి, సత్యవేడు వైపు నుంచి వచ్చేవారికి తమిళంలోనూ ఉండాలి. చదవలేని అత్తగారికి ఆశా కార్యకర్త చదివి వినిపించి, తిరిగి ఆమె చేత చెప్పించాలి. ఏర్పాటు పూర్తయ్యాక, ఎవరికీ చెప్పకుండా ఒక రాత్రి రెండు గంటలకు నువ్వే ఒక ఉత్తుత్తి రీడింగు పంపి, కాన్పుల గది నుంచి ఎంతసేపటికి ఫోను వస్తుందో గడియారం పెట్టుకుని చూడు. ఇలాంటి ప్రమాద సూచనలతో వచ్చినవారిని పెద్ద ఆసుపత్రికి పంపవలసి వస్తే, మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు మీ దగ్గరే ఇచ్చి పంపాలి. ఫిట్స్ వచ్చే అవకాశాన్ని ఆ మందు దాదాపు సగానికి తగ్గిస్తుందని 2002లోనే పెద్ద పరిశోధనలో తేలింది.

ఇక మిషన్ల సంగతి. దుకాణంలో అమ్మే డిజిటల్ మిషన్లన్నీ గర్భిణులకు పనికొస్తాయని అనుకోకు. వీటిలో చాలావాటిని మామూలు పెద్దవాళ్ల మీద మాత్రమే పరీక్షించి ఉంటారు. ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భిణులకు బీపీ పెరిగి ప్రాణం మీదికి తెచ్చే జబ్బు, ఉన్నప్పుడు రక్తనాళాల తీరు మారడం వల్ల అవి అసలు బీపీ కంటే తక్కువ చూపించే అవకాశం ఉంది. గర్భిణులలో పరీక్షించి సరేనన్న మోడల్‌నే తెప్పించమని పట్టుబట్టు. పట్టీ కూడా రెండు సైజుల్లో ఉండాలి. లావు చేతికి చాలని పట్టీ చుడితే బీపీ లేనిదాన్ని ఉన్నట్టు, సన్నటి చేతికి పెద్ద పట్టీ చుడితే ఉన్నదాన్ని లేనట్టు చూపిస్తుంది. మిషన్ ఇచ్చేటప్పుడు ఆమెను నీ ఎదుటే కూర్చోబెట్టి చేయించు. మూత్రానికి వెళ్లొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, కాళ్లు నేల మీద మోపి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, చేయి గుండె ఎత్తులో పెట్టుకోవాలి. మంచం మీద పక్కకు తిరిగి పడుకుని పై చేతికి పట్టీ చుట్టుకుంటే తక్కువ చూపిస్తుందని మాటల్లో చెబితే ఎవరికీ గుర్తుండదు, ఒకసారి చేసి చూపిస్తే మరచిపోరు.

నెలల లెక్క దగ్గర యాప్‌ను నమ్మి మోసపోవద్దు. తెర మీద గడి చివరి నెలసరి తేదీ అడుగుతుంది, తేదీ వేయకపోతే ముందుకు కదలదు. పని ఒత్తిడిలో ఉన్న ఏఎన్ఎం (ఊళ్లో తిరిగే నర్సు) ఏదో ఒక తేదీ వేస్తుంది. నేను చూసిన రిజిస్టర్లలో ఒకటో తేదీలు, పదిహేనో తేదీలు లెక్కకు మించి ఉండేవి. మన ఆడవాళ్లకు తేదీ తెలియకపోవచ్చు గానీ రోజు తెలుస్తుంది. ‘గంగమ్మ జాతర చాటింపు అయిన మూడో రోజు తలకు పోసుకున్నాను’ అని ఒకామె నాతో అన్నది. పంచాంగం తీసి చూస్తే అంతకన్నా కచ్చితమైన తేదీ మరొకటి లేదు. అలా అడగడం మీ వాళ్లకు నేర్పు. దానితో పాటు 11 నుంచి 14 వారాల లోపు స్కానింగు చేయించి, బిడ్డ పొడవును బట్టి తేదీని సరిచేసి, ఆ తేదీనే కాన్పు దాకా ఉంచు. ఏడో నెల దాటాక తీసిన మొదటి స్కానింగు మూడు వారాల దాకా అటూ ఇటూ పోగలదు కనుక, దాన్ని చూసి పాత తేదీని మార్చనివ్వకు.

మన జిల్లాల్లో మరొక చిక్కు, కాన్పుకు పుట్టింటికి రావడం. బెంగళూరులోనో చెన్నైలోనో కాపురం ఉన్న అమ్మాయి అక్కడ అన్ని పరీక్షలూ చేయించుకుని, శ్రీమంతం అయ్యాక చిత్తూరు పక్కనున్న అమ్మగారింటికి వస్తుంది. అక్కడి కంప్యూటరులో ఉన్న వివరాలు ఆమెతో పాటు బస్సెక్కి రావు. ఆభా అనే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరుతో రికార్డులు ఒక ఆసుపత్రి నుంచి మరొక ఆసుపత్రికి చేరాలన్నదే 2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ అనే ప్రభుత్వ పథకం ఉద్దేశం, అది మంచి ఉద్దేశమే. చేర్పించగలిగిన ప్రతి ఒక్కరినీ చేర్పించు. అయినా తల్లీబిడ్డల కార్డు చేతిలో ఉండాలి. రక్తం గ్రూపు, హిమోగ్లోబిన్, పాత సిజేరియన్ కాగితం, స్కానింగు తేదీలు అందులో చేత్తో రాసి ఉండాలి. ఆమె వచ్చిన రోజునే, భర్త నంబరు బదులు, ఇప్పుడు ఆమె నిద్రపోయే ఇంట్లో ఉన్న ఫోను నంబరు మార్చి రాసుకో.

ఫోను అనగానే అది ఎవరి చేతిలో ఉంటుందో కూడా అడుగు. చాలా ఇళ్లలో ఒకే ఫోను, అది మగవాళ్ల జేబులో. గర్భస్రావం, కుటుంబ నియంత్రణ, హెచ్ఐవీ పరీక్ష ఫలితం వంటివి సందేశంగా ఎప్పుడూ పంపకు. ‘ఆసుపత్రికి ఒకసారి రండి’ అన్నంతవరకే పంపి, మిగతాది ఆమెతో ఒంటరిగా మాట్లాడు. సిబ్బంది వాట్సాప్ గ్రూపుల్లో పేరు, ముఖం కనిపించే కాగితాల ఫోటోలు పెట్టడం మొదటి రోజు నుంచే ఆపించు. స్కానింగు చిత్రాలు ఎక్కడికి పంపినా, ఎవరితో మాట్లాడినా ఆడా మగా అన్న మాట ఏ రూపంలోనూ దొర్లకూడదని, లింగ నిర్ధారణను నిషేధించిన 1994 నాటి చట్టం తెరకు కూడా వర్తిస్తుందని అందరికీ చెప్పు.

దూరం నుంచే తెర మీద డాక్టరుతో మాట్లాడించే ప్రభుత్వ సేవ ఈ-సంజీవని నీకు నిజంగా అక్కరకొచ్చే సాధనం. 2019 నవంబరులో దాన్ని మొదట అమలు చేసింది మన రాష్ట్రమే. రక్తహీనత, షుగరు, థైరాయిడ్ మందుల మోతాదు వంటి విషయాలలో ఘాట్ దాటి రావలసిన శ్రమ దానితో తప్పుతుంది. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం మాత్రం తెర ముందు తేలే విషయాలు కావు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు, ఫోను చాలదని తోస్తే నేరుగా రమ్మనే నిర్ణయాన్ని వైద్యుల విచక్షణకే వదిలాయి. ఆ విచక్షణను నిస్సంకోచంగా వాడు.

కాన్పుల గదిలో బిడ్డ గుండె చప్పుడును ఎడతెగకుండా నమోదు చేసే సీటీజీ మిషన్ గురించి ఒక్కమాట. ఏ ఇబ్బందీ లేని తల్లికి దాన్ని ఆసాంతం తగిలించి ఉంచితే సిజేరియన్లు పెరుగుతాయి గానీ బిడ్డల మరణాలు తగ్గినట్టు రుజువు కాలేదు. చేతి డాప్లర్ పెట్టి, నొప్పి వచ్చి తగ్గిన వెంటనే పూర్తి నిమిషం గుండె చప్పుడు లెక్కపెట్టే సిస్టర్ ఉంటే అలాంటి తల్లికి అదే చాలు.

యాప్ ఏదని అడిగావు కదా. మొదటి నెల ఏ యాప్ కొనకు. వచ్చే 9వ తేదీన పరీక్షలకు వచ్చేవారిలో బీపీ భయం ఉన్న ఇరవై మందిని ఎంచుకుని, ఒక ఫోను, ఒక గీతల నోటుపుస్తకంతో మొదలుపెట్టు. రీడింగు వచ్చిన వేళ, తిరిగి ఫోను చేసిన వేళ, చేసినవారి సంతకం అన్న మూడు గడులు గీయించు. నెలాఖరున ఆ పుస్తకం తీసుకుని తిరుపతికి రా, రాత్రి పదికీ ఉదయం ఆరుకూ మధ్య వచ్చిన వరుసలను ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
నీ అత్త