హ్యాంగ్ అవుతోందంటే ల్యాన్ కార్డు పోయినట్టేనా?

ప్రశ్న: మా డెస్క్‌టాప్ (విండోస్ 11) రోజుకు రెండు మూడుసార్లు ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది. మౌస్ కదలదు. పాట వస్తుంటే ఒకే ముక్క జుర్రుమంటూ ఉండిపోతుంది. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపాల్సిందే. ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తనలో జరిగినవి రాసుకునే చిట్టా) ఈ నంబర్ల ఎంట్రీలు: కెర్నల్-పవర్ 41, డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ 17, ఇంటెల్ ల్యాన్‌ది 27 కనిపిస్తున్నాయి. షాపులో ల్యాన్ కార్డు (నెట్ కేబుల్ తగిలించే భాగం) మార్చమంటున్నారు. మార్చమంటారా?
– ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు 41 సంగతి. అది హ్యాంగ్ అయిన క్షణంలో పడింది కాదు. మళ్లీ ఆన్ చేశాక 'కిందటిసారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదు' అని విండోస్ రాసుకున్నది. అంటే కారణం కాదు, పర్యవసానం. అయినా తెరిచి డీటెయిల్స్ ట్యాబ్ చూడండి. బగ్‌చెక్‌కోడ్ దగ్గర సున్నా కాకుండా ఏదైనా అంకె ఉంటే బ్లూస్క్రీన్ (విండోస్ కుప్పకూలినప్పుడు కనిపించే ఎర్రర్ తెర) వచ్చినట్టు: 209, 159 అయితే డ్రైవర్లను, 292 అయితే హార్డ్‌వేర్‌ను అనుమానించాలి. కోడ్ సున్నా ఉండి, పవర్‌బటన్‌టైమ్‌స్టాంప్‌లో పెద్ద అంకె ఉంటే మీరు బటన్ నొక్కి ఆపారనే అర్థం. మీది బహుశా ఇదే. రెండూ సున్నాలై, ఎవరూ ముట్టుకోకుండానే మెషిన్ రీస్టార్ట్ అవుతుంటే అప్పుడు ఎస్‌ఎంపీఎస్‌ను (లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా) చూపించండి.

27 అంటే నెట్‌వర్క్ లింక్ తెగిందని. కేబుల్ పీకినా, రూటర్ ఆపినా, ఒక్కోసారి కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడూ పడుతుంది. దాని పక్కనున్న టైమ్ హ్యాంగ్ అయిన నిమిషంతో కలిస్తేనే పట్టించుకోండి. పనిలో పనిగా సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ లింక్ స్పీడ్ చూడండి. రూటర్ గిగాబిట్‌దై (1000 ఎంబీపీఎస్) ఉండి కూడా 100 చూపిస్తే కేబుల్‌నో దాని చివర క్లిప్పునో అనుమానించాలి. 100కి నాలుగు తీగలు చాలు, 1000కి ఎనిమిదీ కావాలి. అయితే కేబుల్ పాడైతే నెట్ పోతుంది గానీ మెషిన్ బిగుసుకోదు.

అసలు ఆధారం 17 దగ్గరుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో (మదర్‌బోర్డుకూ కార్డులు, ఎస్‌ఎస్‌డీలకూ మధ్య డేటా నడిచే దారి) తప్పు దొర్లింది, సరిదిద్దుకున్నాం అని దాని భావం. అందులో బస్, డివైస్, ఫంక్షన్ అని మూడు అంకెలుంటాయి. ఉదాహరణకు 0, 1సి, 5 అని ఉందనుకోండి. 1సి హెక్సాడెసిమల్ (పదికి బదులు పదహారు ఆధారంగా సాగే) లెక్క, మన లెక్కలో 28. చాలామంది ఇక్కడే పొరబడతారు. డివైస్ మేనేజర్ వ్యూ మెనూలో 'డివైసెస్ బై కనెక్షన్' పెట్టి, ఒక్కో పీసీఐ రూట్ పోర్ట్ (ఆ దారి మొదలయ్యే చోటు) ప్రాపర్టీస్ తెరిచి, లొకేషన్ దగ్గర బస్ 0, డివైస్ 28, ఫంక్షన్ 5 ఉన్నదాన్ని పట్టుకోండి. దాని కింద ఉన్నది ల్యాన్ కార్డా, ఎస్‌ఎస్‌డీనా, వైఫైనా? ఎస్‌ఎస్‌డీ అని తేలితే కార్డు మార్చడం డబ్బు దండగే.

ల్యాన్ కార్డే అయితే ముందు పవర్ సెట్టింగులు మార్చి చూడండి. పని లేనప్పుడు కార్డు, దాని లింకు కునుకు తీస్తాయి. పిలిచినప్పుడు లేవకపోతే ప్రాసెసర్ జవాబు కోసం చూస్తూ అక్కడే ఆగిపోవచ్చు. బ్లూస్క్రీన్ కూడా రాకుండా బిగుసుకుపోవడానికి ఇదో కారణం. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కి వెళ్లి పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద 'లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్' ఆఫ్ చేయండి. ల్యాన్ కార్డు ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లోని 'ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్‌నెట్' డిసేబుల్ చేయండి. పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో మొదటి టిక్ తీసేయండి. డ్రైవర్ మదర్‌బోర్డు కంపెనీ సైట్ నుంచే దించుకోండి. 'డ్రైవర్ అప్‌డేటర్' సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు.

అప్పటికీ ఆగకపోతే బయాస్‌లోకెళ్లి (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగులు) ఆన్‌బోర్డ్ ల్యాన్ డిసేబుల్ చేసి (విడి కార్డయితే ఊడదీసి) మూడు రోజులు ఫోన్ యూఎస్‌బీ టెథరింగ్‌తో (ఫోన్ నెట్‌ను కేబుల్ ద్వారా కంప్యూటర్‌కు ఇవ్వడం) నెట్టుకురండి. హ్యాంగ్ రాలేదా, అప్పుడు కార్డు మార్చుకోండి. వచ్చిందా, కార్డు తప్పేమీ లేదు. ర్యామ్ వైపు తిరగండి: బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను మామూలు కంటే వేగంగా నడిపే సెట్టింగ్) ఆపి, పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్) నాలుగు పాస్‌లూ పూర్తయ్యేదాకా రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా పాస్ కానట్టే. అప్పుడు ఒక్కో స్టిక్ విడిగా పెట్టి చూడాలి.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో వైఫై గుర్తే మాయమైంది. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 10 (డివైస్ స్టార్ట్ కాలేదని). రోజూ షట్‌డౌన్ చేస్తూనే ఉన్నా.
– ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ షట్‌డౌన్ అయినట్టు కనిపిస్తుందే తప్ప కెర్నల్‌ను (విండోస్ మూలభాగం), డ్రైవర్లను ఉన్న స్థితిలోనే డిస్కులో దాచుకుని, మళ్లీ అదే తెరుస్తుంది. పాడైన స్థితి కూడా అలాగే తిరిగొస్తుంది. అందుకని షిఫ్ట్ నొక్కి ఉంచి షట్‌డౌన్ క్లిక్ చేయండి. చార్జర్ తీసేసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కిపట్టి, తర్వాత ఆన్ చేయండి. వైఫై వచ్చి, వారంలో మళ్లీ పోతే డ్రైవర్ ట్యాబ్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' వాడండి. ఆ బటన్ మసకగా ఉంటే వెనక్కి వెళ్లడానికి పాత డ్రైవర్ లేదన్నమాట, కంపెనీ సైట్ నుంచే తెచ్చుకోవాలి.