అక్షరాలు అరిగిన నీ ఎయిర్‌సాఫ్ట్ గన్ గురించి

నాన్నా,

నువ్వు పంపిన ఎయిర్‌సాఫ్ట్ గన్ (చిన్న ప్లాస్టిక్ గుండ్లు పేల్చే ఆట తుపాకీ) ఫోటోలు పెద్దవి చేసి చూశాను. సెలెక్టర్ (పేలకుండా ఆపే, పేలేలా మార్చే మీట) పక్కన 'సేఫ్' అన్న మాట సగం మాయమైంది, రిసీవర్ (గన్ నడిమి బాడీ) మీద రాత బూడిద మచ్చలా మిగిలింది. అంత ఇష్టంగా వాడుకునే వస్తువు అలా అయిపోతే మనసు ఊరుకోదు, నాకు తెలుసు. అయినా రంగు డబ్బా మూత అప్పుడే తీయకు.

ముందు మ్యాగజైన్ తీసెయ్యి. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకుని, ఎవరూ లేని వైపు రెండుసార్లు పేల్చి లోపల బీబీ (ప్లాస్టిక్ గుండు) మిగల్లేదని చూసుకో. ఆ తర్వాత బ్యాటరీ తీసి దూరంగా పెట్టు.

ఇప్పుడు వేలిగోరుతో అక్షరాల మీద అడ్డంగా మెల్లగా గీసి చూడు. గోరు తట్టుకుంటే అవి చెక్కిన అక్షరాలో, అచ్చులోనే వచ్చినవో అయివుంటాయి. వాటిలో పోయింది రంగు మాత్రమే, తిరిగి నింపుకోవచ్చు. గోరు నున్నగా జారిపోతే అవి పైపైన ప్రింట్ వేసినవి. అక్కడ నింపడానికి గాడే లేదు. ఈ తేడా చూసుకోకుండా మొదలుపెట్టి పాడుచేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

అసలు పనంతా శుభ్రం చేయడంలోనే ఉంది. మనం వాడే సిలికాన్ ఆయిల్ కనపడకుండా పైకి పాకుతుంది. దాని మీద వేసిన ఏ రంగూ నిలవదు, వారానికే పొరలుగా లేస్తుంది. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు గోరువెచ్చని నీళ్లలో కలిపి, మెత్తటి పాత టూత్‌బ్రష్ తడిపి, పిండేసి గాడుల్లో రుద్దు. నీళ్లు లోపలికి దిగకూడదు. ఆరాక ఇయర్‌బడ్‌కి కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది అక్షరాల లోపల తుడువు. అది ప్రింట్‌నీ, కొన్ని పెయింట్లనీ లేపేస్తుంది కాబట్టి ముందు కనపడని మూల ఒకచోట అద్ది చూడు.

అసిటోన్ జోలికి మాత్రం వెళ్లకు. చాలా ఏళ్ల క్రితం ఏబీఎస్ ప్లాస్టిక్ బాడీ ఉన్న రైఫిల్ మీద తెల్లరంగు చింది, అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ తీసే మందుతో తుడిచాను. దూదికి నల్లగా అంటింది. మురికి అనుకుని ఇంకోసారి రుద్దాను. అంటింది మురికి కాదు, ప్లాస్టిక్కే. పదునుగా ఉండే మూడు అక్షరాల అంచులు సబ్బుబిళ్ల మీది అక్షరాల్లా గుండ్రంగా కరిగిపోయాయి. ఆ చోటు ఇప్పటికీ తడిసినట్టు మెరుస్తుంది. దానికి మందు లేదు.

రంగు నింపడానికి నా ఓటు అక్రిలిక్‌కే. తప్పు జరిగినా తడి ఆరకముందు నీళ్లతోనే పోతుంది. టూత్‌పిక్ మొనతో గాడిలోకి దించు, అంచులు దాటితే కంగారు పడకు. ఒకట్రెండు నిమిషాలాగి, పాత ప్లాస్టిక్ కార్డుకి పల్చటి నూలుగుడ్డ బిగువుగా చుట్టి, కొద్దిగా తడిపి, అక్షరాలకు అడ్డంగా ఒక్క వేటుగా లాగు. మెత్తటి గుడ్డను వేలితో నొక్కితే అది గాడిలోకి దిగి రంగంతా ఎత్తుకొస్తుంది. గట్టి కార్డు అయితే పైపైనే తుడుస్తుంది. మైనం క్రేయాన్ సులువే, కానీ ఎండకు మెత్తబడి చేతికి అంటుతుంది. ఇంకోమాట, అచ్చమైన తెలుపు పాత గన్ మీద కొట్టొచ్చినట్టు కనపడుతుంది. అందులో చిటికెడు బూడిదరంగు కలుపు, చాలా తేడా ఉంటుంది.

గాడి లోతు తగ్గిందని కత్తితో చెక్కకు. మొన జారిందంటే చుట్టూ ఉన్న కోటింగ్ కూడా పోతుంది. ప్రింట్ అక్షరాలైతే వాటర్‌స్లైడ్ డెకాల్ (నీళ్లలో తడిపి, కాగితం మీంచి జార్చి అంటించే పల్చటి ప్రింట్) మంచి దారి. కింద ముందు గ్లాసీ కోట్ (నున్నగా మెరిసే పూత) వెయ్యి, లేకపోతే గాలి చిక్కుకుని వెండిరంగు తెర కనపడుతుంది.

రంగు ఒక రోజంతా ఆరాక మ్యాట్ క్లియర్ కోట్ (మెరవని, రంగులేని పూత) స్ప్రే కొట్టు. బారెల్, మ్యాగజైన్ దారి, సెలెక్టర్ తిరిగే చోటు మాస్కింగ్ టేప్‌తో మూసెయ్యి. 20-25 సెంటీమీటర్ల దూరం నుంచి పల్చగా, రెండు మూడు విడతలు. ముసురు పట్టిన రోజు వద్దు, గాలిలో తేమకి పొర తెల్లగా పాలిపోతుంది. కానీ హోల్‌స్టర్‌కి (గన్ పెట్టుకునే తొడుగుకి) రాసుకునే చోట ఏ కోటింగూ ఎక్కువకాలం నిలవదు. అక్కడ హోల్‌స్టర్ లోపలే మెత్తటి గుడ్డ అంటించు. ఆట అయ్యాక చెమట తుడువు, సిలికాన్ నేరుగా స్ప్రే చేయకుండా గుడ్డ మీద వేసి రాయి.

గన్ మొన మీది నారింజరంగునూ, హెచ్చరిక రాతలనూ ఈ సందట్లో కప్పేయకు. కొన్ని దేశాల్లో అది చట్టం. చట్టం లేని చోట కూడా, చూసేవాళ్లు అది నిజం తుపాకీ అని భయపడకుండా ఉండాలి.

మొదట 'సేఫ్' దగ్గరే చెయ్యి. నీ గన్ ఒక ఆటకి అరువు తీసుకున్నవాడు సెలెక్టర్ ఎక్కడుందో ఆ గుర్తు చూసే తెలుసుకుంటాడు. అది ఆరాక ఒక ఫోటో పంపు, అంచులు చూసి చెప్తాను. అప్పటిదాకా రిసీవర్ మీది రాత ముట్టుకోకు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న