గేర్‌బాక్సే మార్చాలన్నారా? ముందు స్కాన్ చేయించండి

సిగ్నల్ దగ్గర ఆగాక గేరు పడట్లేదు, మీటర్‌లో ‘ఎన్’ (న్యూట్రల్) మెరుస్తోంది, మెకానిక్ గేర్‌బాక్స్ మార్చాలి, 90 వేలవుతుంది అన్నాడని రాశారు. అప్పుడే అడ్వాన్స్ ఇవ్వకండి.

మీది ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) కారు. లోపలున్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మన బదులు యాక్చువేటర్ అనే పరికరం చేస్తుంది, అంతే. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే నాకు క్లచ్ ప్లేటు అరుగుదల మీదో, యాక్చువేటర్ ఆయిల్ తగ్గడం మీదో ఎక్కువ అనుమానం. రోజూ ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరిగే కారుకి క్లచ్ తొందరగానే పోతుంది.

కారు కంప్యూటర్‌లోని లోపాల్ని చదివే స్కానర్ పెట్టించి, వచ్చిన ఎర్రర్ కోడ్ ఫోటో తీసుకోండి. కోడ్ చూడకుండానే గేర్‌బాక్స్ పోయిందంటే నేనైతే నమ్మను. తర్వాత మీ ఎదురుగానే గేర్ ఆయిల్ దించమనండి. బూడిద రంగు సన్నపొడి మామూలే. గోరంత ఇనుప ముక్కలు పడితే మాత్రం మెకానిక్ చెప్పింది నిజమే కావచ్చు. కారు నడిచేటప్పుడు ఊళ లాంటి శబ్దం వస్తోందా? గేర్‌బాక్స్ లోపల అరిగితే అలా రావచ్చు. అది మీరు రాయలేదు.

నాకూ ఇలాగే లక్ష చెప్పారు. చివరికి క్లచ్ సెట్‌తో సరిపోయింది. అన్నట్టు, క్లచ్ మార్చాక స్కానర్‌తో క్యాలిబ్రేషన్ (కొత్త క్లచ్‌కి తగ్గట్టు సెట్టింగ్) చేయించడం మర్చిపోకండి, లేకపోతే కొత్త క్లచ్‌తోనూ కుదుపులు తప్పవు.