పాత ఇంగ్లీషు నవలల్లో కనిపించే ‘లాడనం’ అంటే ఏమిటి?

నల్లమందు టింక్చర్. పచ్చి గసగసాల కాయకు గాటు పెడితే కారే పాలను ఎండబెట్టి, ఆల్కహాల్‌లో నానబెట్టి వడగట్టేవారు. ముదురు గోధుమ రంగు, భరించలేని చేదు. పేరు 16వ శతాబ్దంలో స్విస్ వైద్యుడు పారసెల్సస్ పెట్టింది. 1660ల్లో ఇంగ్లీషు వైద్యుడు సిడెన్‌హామ్ షెర్రీ వైన్, కుంకుమపువ్వు, దాల్చినచెక్క, లవంగాలతో చేసిన రకం బాగా వాడుకలోకొచ్చింది.

నొప్పికీ, దగ్గుకీ, విరేచనాలకీ అదే మందు, చుక్కల లెక్కన. చిక్కంతా ఆ చుక్కల్లోనే: సీసా మూతిని బట్టి చుక్క సైజు, సరుకును బట్టి నల్లమందు బలం మారిపోయేవి. మోతాదు మించితే ఊపిరి మందగించి ఆగిపోతుంది. బ్రిటన్‌లో 1868 ఫార్మసీ చట్టం వచ్చేదాకా కిరాణా కొట్లోనూ అమ్మేవారు!

పారెగోరిక్ అనే మందు వేరు. అదీ నల్లమందుదే, కానీ కర్పూరం కలిపిన పలచన రకం. నేటి ప్రమాణాల్లో నల్లమందు టింక్చర్‌లో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మార్ఫిన్ ఉంటే, పారెగోరిక్‌లో 0.4 మాత్రమే. ఒకదానికి బదులు ఇంకొకటి ఇస్తే 25 రెట్ల తేడా.