అమెరికా డాక్టరేటు, మారతహళ్లి డైనింగ్ టేబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది అనంతపురం, ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. ఒక ప్రైవేటు స్కూల్లో 11 ఏళ్లుగా కౌన్సెలర్‌ని. 2021లో ఒక కంపెనీ ద్వారా అమెరికా యూనివర్సిటీ వాళ్ల ఆన్‌లైన్ ఈడీడీలో (విద్యారంగంలో ఇచ్చే డాక్టరేటు) చేరాను. కోర్సులన్నీ అయిపోయాయి. 'బెంగళూరు పాఠశాల విద్యార్థుల్లో ఒత్తిడి' అనే థీసిస్ మాత్రం రెండేళ్లుగా రెండో చాప్టర్ దాటలేదు. టర్ము టర్ముకీ ఫీజు పోతూనే ఉంది. బీఈడీ కాలేజీలో లెక్చరర్ పోస్టు అడిగితే ఈ డిగ్రీ చెల్లదన్నారు. మా వారు "పోయిందేదో పోయింది, మానెయ్" అంటున్నారు. అమ్మాయి పదో తరగతి. ఏం చెయ్యమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు చేదు మాట చెప్పేస్తాను. కాలేజీ వాళ్లు ఉన్నదే చెప్పారు. విదేశీ సంస్థలతో కలిసి ఎడ్‌టెక్ కంపెనీలు (ఆన్‌లైన్ చదువులు అమ్మేవి) ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని ఉన్నత విద్యను నియంత్రించే యూజీసీ, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ కలిసి 2022 అక్టోబరులో ప్రకటించాయి. మరుసటి నెల వచ్చిన నిబంధనల ప్రకారం మన యూనివర్సిటీలు కూడా ఆన్‌లైన్‌లో, దూరవిద్యలో పీహెచ్‌డీ నడపకూడదు. మాది పీహెచ్‌డీ కాదు, ఈడీడీ అని వాదించి లాభం లేదు. లెక్చరర్ కుర్చీ కోసమే అయితే మీ వారి మాట వినండి, ఇంకో టర్ము ఫీజు కట్టకండి.

ఆ కుర్చీకి పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ దారి ఉంది. స్కూలు నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, తెచ్చుకోవాలి, కోర్సు వర్క్‌కి మనిషి వెళ్లాలి. కనీసం 3 ఏళ్లు, మామూలు గడువు 6 ఏళ్లు. రీ-రిజిస్ట్రేషన్, ఆడవాళ్లకిచ్చే వెసులుబాటు కలిపితే 10 ఏళ్ల దాకా లాగొచ్చు. (లాగమనడం లేదు. నేను ఏడేళ్లు లాగాను. చుట్టాలొచ్చి "ఇంకా కాలేదా?" అంటే కాఫీ వంక పెట్టి వంటింట్లోకి పోయేదాన్ని.) బెంగళూరు యూనివర్సిటీకైతే కె.ఆర్.పురంలో మెట్రో పర్పుల్ లైన్ ఎక్కి, రైలు మారకుండా జ్ఞానభారతిలో దిగొచ్చు. మేం మెజెస్టిక్‌లో బస్సు మారి వెళ్లినవాళ్లం. అమెరికా కోర్సులు ఇక్కడ కలిసొస్తాయని మాత్రం ఆశ పెట్టుకోకండి.

సొంతంగా క్లినిక్ పెట్టుకోవాలన్న ఆలోచన ఉంటే అదీ వేరే దారే. క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవడానికి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉండాలి, ఈడీడీతో అది రాదు.

ప్రైవేటు స్కూల్లోనే పైకి వెళ్లాలంటే లెక్క వేరు. వైస్ ప్రిన్సిపాల్ పదవికి, టీచర్ల ట్రైనింగు పనికి యాజమాన్యం ఈ డిగ్రీని లెక్కలోకి తీసుకోవచ్చు, తీసుకోకపోనూవచ్చు. మీ ప్రిన్సిపాల్‌ని అడగండి, నోటిమాటగా కాదు, మెయిల్లో. అక్కడ ఔనంటే థీసిస్ ముగించండి.

ముగియకపోవడానికి కారణం మీ టైటిల్లోనే కనిపిస్తోంది. బెంగళూరు ఎంత? ఒత్తిడి ఎన్ని రకాలు? అంత పెద్ద గంప పెట్టుకుంటే, పాత పరిశోధనలన్నీ చెప్పాల్సిన రెండో చాప్టర్ ఎప్పటికి నిండుతుంది? నాదీ అలాగే 140 పేజీలకు పోయింది. మా గైడు గారు కోలారు మనిషి, తెలుగు చక్కగా వచ్చు. ఎర్ర పెన్సిలుతో 90 పేజీలు కొట్టేసి, "ఇది మీ ఇంటి అటక కాదమ్మా, దొరికిందల్లా ఎక్కించడానికి" అన్నారు. ఆ రోజు బస్సులో ఏడ్చాను. కానీ మిగిలిన 50 పేజీలే థీసిస్‌లోకి వెళ్లాయి.

మీ గదికి రోజూ వచ్చే పిల్లల్లోంచే చిన్న ముక్క తీసుకోండి. ఉదాహరణకి, ఆంధ్ర నుంచి ఆరో తరగతికో ఏడుకో బదిలీ మీద వచ్చి తొలిసారి కన్నడం చదవాల్సొచ్చిన పిల్లలు. కర్ణాటకలో 2015 చట్టంతో స్కూళ్లలో కన్నడం తప్పనిసరైంది కదా. లిపి మనదానికి దగ్గరే గనక అక్షరాలు త్వరగానే పట్టుకుంటారు. కానీ అప్పటిదాకా ఫస్టొచ్చిన పిల్ల డిక్టేషన్‌లో సున్నా తెచ్చుకుంటే ఏమవుతుందో మీకు తెలిసినంతగా అమెరికాలోని మీ గైడుకి తెలియదు. పన్నెండు కుటుంబాలతో మాట్లాడినా అందులో సరుకుంటుంది.

ఒక జాగ్రత్త. మనుషుల మీద చేసే పరిశోధనకు మీ అమెరికా యూనివర్సిటీలోని ఐఆర్‌బీ, అంటే నైతిక పరిశీలన కమిటీ, ముందుగా అనుమతివ్వాలి. ఇంటర్వ్యూలు మారతహళ్లిలో చేసినా అంతే. మీవి మైనర్ పిల్లలు కాబట్టి తల్లిదండ్రుల సంతకం, పిల్లల ఒప్పుదల రెండూ అడుగుతారు. అనుమతి రాకముందు చేసిన ఇంటర్వ్యూలు సాధారణంగా పనికిరావు. పైగా మీరే వాళ్ల కౌన్సెలరు, కాదనడానికి మొహమాటపడతారేమోనని ఆ కమిటీ తప్పక అడుగుతుంది. ఇంకో బ్రాంచి పిల్లల్ని ఎంచుకుంటే ఆ తలనొప్పి తగ్గుతుంది.

ఈ వారంలో గైడుకి రెండు ప్రశ్నలు పంపండి. టైటిల్ ఇలా కుదిస్తే ఒప్పుకుంటారా? మొత్తం ఇంకెన్ని టర్ములు పడుతుంది? ఆ అంకెను ఫీజుతో గుణించి మీ వారి ముందు పెట్టండి. ఇద్దరూ సరేననుకుంటే, మార్చిలో అమ్మాయి పరీక్షలయ్యేదాకా అనుమతి కాగితాల పని మాత్రం చూసుకోండి. ఇంటర్వ్యూలు జూన్‌లో పెట్టుకోండి. కొత్త పిల్లలు చేరేది కూడా అప్పుడే.