జప సందేహాలు: ఐదు కవచాలు వద్దు, ఒకటి చాలు

ప్రశ్న: ఉద్యోగం కోసం హాస్టల్‌లో ఉంటున్నాను. రాత్రిళ్లు భయం వేస్తోంది. రోజూ నృసింహ కవచం, దేవీ కవచం, రామరక్ష, హనుమాన్ చాలీసా, ఖడ్గమాల చదువుతున్నాను. గంటకు పైగా పడుతోంది. అయినా అర్ధరాత్రి మెలకువ వస్తే గుండె దడ తగ్గడం లేదు. ఇంకేదైనా చేర్చాలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చేర్చకండమ్మా, తగ్గించండి. ఖడ్గమాల శ్రీవిద్యా సంప్రదాయానిది, అంటే లలితాదేవి ఉపాసన మార్గానిది. ఉపదేశం ఉన్నవారి (గురువు నోట మంత్రం పొందినవారి) దగ్గర నేర్చుకోవలసినది కాబట్టి ముందు దాన్ని పక్కన పెట్టండి. మిగతా నాలుగూ పుస్తకం చూసి గబగబా అప్పజెబుతున్నారు. అర్ధరాత్రి కళ్లు తెరిచినప్పుడు పుస్తకం చేతిలో ఉండదు, దీపం వెలగదు. ఆ క్షణంలో నోటికి వచ్చిందే మీకు రక్ష. అందుకే ఒక్క రామరక్ష ఉంచుకోండి. దానికి ఉపదేశం అక్కర్లేదు.

రామరక్షలో అసలు కవచ భాగం, అంటే ఒక్కో అవయవాన్ని కాపాడమని కోరే భాగం, ‘శిరో మే రాఘవః పాతు’ నుంచి ‘పాతు రామోఽఖిలం వపుః’ వరకు, అంటే ఐదున్నర శ్లోకాలు. ‘పాతు’ అంటే కాపాడుగాక. ఈ కూర్పు చూడండి. శరీరం తల నుంచి పాదాల దాకా దిగుతుంటే, రామకథ కూడా దశరథుడి ఇంటి నుంచి లంక దాకా నడుస్తుంది. నుదుటికి దశరథాత్మజుడు, కళ్లకు కౌసల్య కొడుకు. చెవులకు విశ్వామిత్రుడికి ఇష్టమైనవాడు, ఆ ముని చెప్పిన మంత్రాలు విన్న చెవులు కదా! భుజాలకు శివధనుస్సు విరిచినవాడు, చేతులకు సీతాపతి, గుండెకు పరశురాముణ్ణి గెలిచినవాడు, నడుముకు సుగ్రీవుడి ప్రభువు, మోకాళ్లకు సేతువు కట్టినవాడు, పాదాలకు విభీషణుడికి రాజ్యమిచ్చినవాడు. ఈ వరుస పట్టుబడితే శ్లోకం మరచిపోవడం కష్టం.

రోజుకొక శ్లోకం చొప్పున వారంలో నోటికి వస్తుంది. చదివేటప్పుడు ఏ అవయవం పేరు వస్తే అక్కడ కుడిచేతి వేళ్లు ఆనించండి. ఈ కవచం అనుష్టుప్ ఛందస్సులో ఉంది, శ్లోకానికి ముప్పై రెండు అక్షరాలు. పదహారు అక్షరాలు ఒకే ఊపిరిలో వదులుతూ పలికి, ఆగి, గాలి పీల్చుకుని, తక్కిన పదహారు అందుకోండి. సగం శ్లోకం మధ్యలో ఊపిరి తీసుకుంటుంటే శ్వాస వేగంగా ఉందని గుర్తు. దడ తగ్గకపోవడానికి ఈ వేగం కూడా ఒక కారణం కావచ్చు. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన ఒక పరిశీలనలో, క్రైస్తవుల జపమాల ప్రార్థనను, ‘ఓం మణి పద్మే హూం’ను పఠించిన ఇరవై ముగ్గురి శ్వాస నిమిషానికి ఆరుసార్ల దగ్గరకు నెమ్మదించింది. నిదానంగా వదిలే ఊపిరి గుండెను కూడా తనతో పాటు నెమ్మదింపజేస్తుంది.

సాయంత్రం స్తోత్రం మొత్తం ఒకసారి, పడుకునే ముందు కవచ భాగం ఒకసారి చదవండి. మెలకువ వస్తే మళ్లీ ఆ కవచ భాగమే. నలభై రోజులు ఇంకేదీ కలపకండి. గది తలుపు గడియ వేశారో లేదో మాత్రం పడుకునే ముందే చూసుకోండి.

ప్రశ్న: పంచాక్షరి ఉపదేశం పొందాను. ‘అక్షర లక్షలు’ చేయాలన్నారు. రోజుకు ఎన్ని మాలలు? హోమం తప్పదా? మధ్యలో ఒకరోజు తప్పితే?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మంత్రంలో ఎన్ని అక్షరాలుంటే అన్ని లక్షలు. ‘నమశ్శివాయ’కు ఐదు లక్షలు. అందులో పదోవంతు హోమం, దానిలో పదోవంతు తర్పణం (మంత్రంతో నీళ్లు వదలడం), ఆపై అందులో పదోవంతు మార్జనం (మంత్రంతో నీళ్లు చల్లుకోవడం), ఆపై అందులో పదోవంతు అన్నదానం. అంటే వరుసగా 50,000, 5,000, 500, 50 మంది భోజనం. హోమం చేసే వీలు లేనివారు ఆ సంఖ్యకు రెట్టింపు జపం చేసే పద్ధతి ఉంది. మీ గురువుగారిని అడిగి ఖాయం చేసుకోండి.

మాలలో పూసలు 108 ఉన్నా లెక్కకు వంద. ఎనిమిది పరాకుకు, తప్పులకు పోతాయి. రోజుకు పది మాలలైతే 500 రోజులు, ఐదైతే 1,000 రోజులు. పెదవులు కదులుతూ పక్కవారికి వినపడకుండా చేసే ఉపాంశు జపంలో పంచాక్షరి ఒక మాలకు మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. తొలిరోజు ఉత్సాహంలో ఇరవై మాలలని సంకల్పం చెప్పుకున్నవారు పండగ రోజు, ప్రయాణం రోజు చేయలేక మూడో వారంలో మానేస్తారు. ఒంట్లో బాగాలేని రోజు కూడా ఎన్ని చేయగలరో అదే మీ సంఖ్య. ఒకరోజు తప్పితే మర్నాడు ఆ బాకీ తీర్చి కొనసాగించండి.

మాలను నడిమి వేలి మీద ఉంచి బొటనవేలితో తిప్పండి, చూపుడువేలు తగలకూడదు. మేరువు (మాల కొసన ఉండే పెద్ద పూస) దాటకుండా వెనక్కి తిప్పి రెండో మాల మొదలుపెట్టండి. బస్సులో, ఆఫీసులో వేళ్ల గణుపులు చాలు. ఉంగరపు వేలి నడిమి గణుపు, దాని అడుగు, చిటికెన వేలి అడుగు, నడుమ, కొస, ఆపైన ఉంగరపు వేలి కొస, నడిమి వేలి కొస, చూపుడువేలి కొస, నడుమ, అడుగు. ఇవి పది. నడిమి వేలి కింది రెండు గణుపులే ఇక్కడ మేరువు. పదుల లెక్క ఎడమచేతి మీద.

ప్రశ్న: కవచం తప్పు చదివితే ఎదురు తిరుగుతుందని అంటున్నారు. నిజమా?
– ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: ఈ భయానికి మూలం వేదంలోని త్వష్ట కథ. ఇంద్రుణ్ణి చంపేవాడు పుట్టాలని హోమం చేస్తూ ‘ఇంద్రశత్రు’ అనే మాటను స్వరం మార్చి పలికాడు. ‘ఇంద్రుడే ఎవరికి శత్రువో వాడు’ అనే అర్థం వచ్చింది. ఆ హోమం నుంచి పుట్టిన వృత్రుడు ఇంద్రుడి చేతిలో చచ్చాడు. అది స్వరంతో పలకవలసిన వేదమంత్రం, పైగా పగతో చేసిన హోమం. భక్తితో చదివే స్తోత్రానికి ఆ భయం అంటగట్టడం అన్యాయం. చివర ‘యదక్షర పదభ్రష్టం’ అని క్షమాపణ శ్లోకం పెట్టింది మనలాంటి వాళ్ల కోసమే.

అలాగని నిర్లక్ష్యం పనికిరాదు. ‘స్వజన’ అంటే మనవాళ్లు, ‘శ్వజన’ అంటే కుక్కలు. ‘సకృత్’ అంటే ఒకసారి, ‘శకృత్’ అంటే పేడ. మన నోట ఎక్కువగా దెబ్బతినేవి శ, ష, స, ఒత్తులు, దీర్ఘాలు. రాగం తీస్తూ, పరుగులు పెడుతూ, తల ఊపుతూ, చూసి చదువుతూ, అర్థం తెలియకుండా, గొంతు పీలగా చదివే ఆరుగురినీ అధమ పాఠకులని పాణినీయ శిక్ష చెప్పింది. తెలిసినవారి ముందు ఒక్కసారి చదివి వినిపించండి. తప్పిన చోట పెన్సిలుతో గీత గీసుకుని, ఆ మాటను పదిసార్లు విడిగా పలకండి.

ప్రశ్న: నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నారు. ఫోన్‌లో మృత్యుంజయ మంత్రం రోజంతా పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: రోజంతా వద్దు. రోగికి నిద్ర కావాలి, పక్క మంచాలవారికీ కావాలి. ఉదయం, సాయంత్రం పావుగంట, తక్కువ శబ్దంతో, ఆయనకు ఇష్టమైతేనే. ఈ మంత్రం ఋగ్వేదం ఏడో మండలంలో ఉంది, తైత్తిరీయ సంహితలోనూ ఉంది. స్వరం నేర్చుకోనివారు ఆయన చెయ్యి పట్టుకుని ‘ఆపదామపహర్తారం’ అనే రాముడి శ్లోకం పదకొండుసార్లు చెబితే చాలు. మంత్రంలో ‘ఉర్వారుకం’ అంటే దోసపండు. పండిన దోసకాయ తొడిమ నుంచి విడివడినట్టు మృత్యువు నుంచి విడిపించు, అమృతత్వం నుంచి కాదు అని ప్రార్థన. ‘మామృతాత్’ను ‘మా అమృతాత్’ అని విడదీసి అర్థం చేసుకోవాలి. మందుల వేళ మాత్రం తప్పనివ్వకండి.

ప్రశ్న: ఇంటికి ప్రయోగం (చేతబడి) జరిగిందని, దిగ్బంధనానికి అరవై వేలు అవుతుందని ఒకాయన అంటున్నారు. అమ్మ నెల రోజులుగా నిద్రపోవడం లేదు.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఒక్క రూపాయి ఇవ్వకండి. న్యాసం (మంత్రం చెబుతూ అవయవాలను తాకడం) ఉన్న స్తోత్రాల్లో అంగన్యాసం చివర ‘భూర్భువస్సువరోమితి దిగ్బంధః’ అని చిటిక వేస్తూ చెప్పే ఆ ఒక్క వాక్యమే దిగ్బంధనం, అంటే దిక్కులను కట్టడం. జపం ముగిశాక ‘దిగ్విమోకః’ అని విప్పుతారు. మీ ఇంట్లో మీరే చేసుకోవచ్చు. ముందు భయపెట్టి తర్వాత ధర చెప్పేవారెవరైనా సరే, వారిని గడప తొక్కనివ్వకండి.

అమ్మగారికి నెల రోజులుగా నిద్ర లేదన్నారు, అది వైద్యుడు చూడవలసిన విషయం. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. జపం ఆమెతో బలవంతంగా చేయించకండి. మీరు పక్కన కూర్చుని చేస్తే వింటారు.

ప్రశ్న: ఉరిమితే పిల్లలతో ‘అర్జునా, ఫల్గుణా’ అనిపిస్తాం. ఎందుకు?
– ఒక అమ్మమ్మ, తెనాలి

జవాబు: విరాటపర్వంలో కౌరవసేనను చూసి వణికిపోతున్న ఉత్తరుడికి అర్జునుడు చెప్పుకున్న పది పేర్లవి. అర్జున, ఫల్గుణ, జిష్ణు, కిరీటి, శ్వేతవాహన, బీభత్సు, విజయ, కృష్ణ, సవ్యసాచి, ధనంజయ. పైగా అర్జునుడు ఉరుములు, పిడుగుల దేవుడైన ఇంద్రుడి కొడుకు. పది పేర్లూ నేర్పండి. మెరుపు చూసి పేర్లు మొదలుపెట్టాలని చెబితే, ఉరుము వినపడేలోపు ఎన్ని వచ్చాయో పిల్లలే లెక్క పెట్టుకుంటారు. తక్కువ వస్తే పిడుగు దగ్గర్లో పడుతున్నట్టు. ఎన్ని వచ్చినా ఉరుము వినపడిందంటే ఆరుబయట, చెట్టు కింద ఉండకుండా ఇంట్లోకి రావాలని కూడా చెప్పండి.